పిండిన తల్లిపాలను వెచ్చబెట్టడం

తల్లి తన పాలను చేతితో గానీ, పంపు సహాయంతో గానీ బయటకు తీసి, శిశువుకు తరువాత పట్టడానికి శుభ్రమైన పాత్రలో ఉంచినపుడు వాటిని పిండిన తల్లిపాలు అంటారు. ఇలా ఉంచిన పాలను శిశువుకు పట్టే ముందు గోరువెచ్చగా చేయడం చాలా ఇళ్ళలో జరుగుతుంది. అయితే ఇది తప్పనిసరి కాదు. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతమైన శిశువుకు ఈ పాలను గది వేడిమిలోనూ, చల్లగానూ కూడా పట్టవచ్చును. వెచ్చబెట్టడం శిశువు ఇష్టంగా తాగడానికి మాత్రమే ఉపయోగపడుతుంది, దాని వలన పాలలోని సూక్ష్మజీవులు చావవు. పాలు సురక్షితంగా ఉండడం అనేది పిండేటప్పటి శుభ్రత, నిల్వ ఉంచిన చల్లదనం, గడచిన సమయం అనే మూడింటిపై ఆధారపడి ఉంటుంది.

అవసరం

పుట్టిన తరువాత మొదటి ఆరు నెలలు శిశువుకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని, ఆపై ఇతర ఆహారంతో పాటు రెండు సంవత్సరాలు లేదా అంతకు మించి కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. శిశువు నేరుగా రొమ్ము నుండి తాగడమే అన్నిటికంటే ఉత్తమం. కాని నెలలు నిండక ముందే పుట్టి ఆసుపత్రిలో ఉన్న శిశువుకు, రొమ్ము పట్టలేని బలహీన శిశువుకు, తల్లి ఉద్యోగానికో, పొలం పనికో, చదువుకో వెళ్ళినపుడు ఇంటివద్ద ఉన్న శిశువుకు పిండిన పాలే ఆధారం. భారతదేశంలో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకు వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుండి 26 వారాలకు పెంచింది. ఈ సెలవు వర్తించే ఉద్యోగాలు చేసేవారు తక్కువ. కూలి పనులకు, చిన్న దుకాణాలలో పనికి వెళ్ళే తల్లులు అంతకు చాలా ముందే పనిలో చేరవలసి వస్తుంది. అప్పుడు పాలు పట్టేది అమ్మమ్మో, నాయనమ్మో, ఇంట్లో మరొకరో అవుతారు కనుక, ఈ విషయాలు తల్లి కంటే వారికే ఎక్కువ తెలిసి ఉండాలి.

కాచడానికి, వెచ్చబెట్టడానికి గల తేడా

తెలుగువారి ఇళ్ళలో పాలు అనగానే పొయ్యిమీద పెట్టి పొంగు వచ్చేదాకా కాచడం అలవాటు. పచ్చిపాలు తాగరాదన్న నియమం ఆవుపాలకు, గేదెపాలకు సరియైనదే. అవి అనేక పశువుల నుండి సేకరించి, కలిపి, చేతులు మారి ఇంటికి చేరుతాయి. క్షయ, బ్రుసెల్లోసిస్ వంటి వ్యాధులు కాచని పశువుల పాల ద్వారా మనుషులకు సోకగలవు. ఆ జాగ్రత్తనే తల్లిపాలకు కూడా వర్తింపజేసి, వాటిని కాచి చల్లార్చి పట్టే పెద్దలు ఉన్నారు. ఉద్దేశ్యం మంచిదైనా దీని వలన మేలు కంటే నష్టమే ఎక్కువ.

తల్లిపాలలో పోషకాలతో పాటు రోగనిరోధక కణాలు, ఇమ్యునోగ్లోబులిన్-ఎ అనే ప్రతిరక్షకాలు, లాక్టోఫెర్రిన్, లైసోజైమ్ వంటి రక్షక మాంసకృత్తులు, కొవ్వును అరిగించడంలో శిశువుకు తోడ్పడే లైపేజ్ అనే ఎంజైము ఉంటాయి. తల్లి ఏ వాతావరణంలో తిరుగుతుందో అక్కడి సూక్ష్మజీవులకు తగిన ప్రతిరక్షకాలు ఆమె పాలలో తయారవుతాయి. శిశువు కూడా అదే ఇంటి గాలి పీల్చుతున్నందున అవి దానికి నేరుగా పనికి వస్తాయి. పాలను మరిగిస్తే ఈ కణాలు చనిపోతాయి, ఎంజైములు పనిచేయవు, ప్రతిరక్షకాలు దెబ్బతింటాయి. కడుపు నింపే పదార్థం మిగులుతుంది గాని రక్షణ చాలావరకు పోతుంది.

మరొక విషయం కూడా గమనించదగినది. ఈ రక్షక పదార్థాల వలననే పిండిన తల్లిపాలు బయట ఉంచినా కొన్ని గంటల పాటు సూక్ష్మజీవులు పెరగకుండా తమను తాము కాపాడుకోగలవు. పచ్చి ఆవుపాలకు ఆ శక్తి అంతగా లేదు. కాచిన తల్లిపాలు ఈ శక్తిని కోల్పోతాయి కనుక, తరువాత చేయి తగిలి గానీ, చెంచా తగిలి గానీ క్రిములు చేరితే అవి త్వరగా పెరుగుతాయి.

గోరువెచ్చదనం సంగతి వేరు. శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెంటీగ్రేడుకు దగ్గరగా పాలను తెస్తే రొమ్ము నుండి వచ్చిన పాలలాగే ఉంటాయి. ఆ వేడిమి పాలలోని గుణాలను చెడగొట్టదు. కాని అదే వేడిమి సూక్ష్మజీవుల పెరుగుదలకు కూడా ఎంతో అనుకూలమైనది. అందుచేత వెచ్చబెట్టిన పాలను వెంటనే పట్టాలి, గంటల తరబడి వెచ్చగా ఉంచరాదు.

పిండేటపుడు శుభ్రత

పాలు పిండే ముందు చేతులను సబ్బుతో రుద్ది కడుక్కోవాలి. రొమ్ములను ప్రతిసారీ సబ్బుతో కడగనవసరం లేదు, రోజూ చేసే స్నానం చాలును. మూత ఉన్న స్టీలు గిన్నె, గాజు సీసా, బిస్ఫినాల్-ఎ లేని గట్టి ప్లాస్టిక్ డబ్బా, తల్లిపాల కోసమే తయారు చేసిన సంచులు నిల్వకు పనికివస్తాయి. మామూలు పాలిథిన్ సంచులు పనికిరావు.

పంపు వాడేవారు పాలు తగిలే భాగాలను ప్రతిసారీ విడదీసి కడగాలి. వీటిని వంటింటి తొట్టిలో నేరుగా వేయక, అందుకోసమే ప్రత్యేకంగా ఉంచిన గిన్నెలో సబ్బునీటితో కడిగి, శుభ్రమైన నీటితో తొలిచి, గాలికి ఆరబెట్టాలి. పాత్ర గుడ్డతో తుడవడం వలన గుడ్డలోని క్రిములు అంటుకుంటాయి. 2016లో అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన ఒక శిశువుకు క్రోనోబాక్టర్ అనే బాక్టీరియా వలన తీవ్రమైన ఇన్ఫెక్షన్ సోకగా, సరిగా శుభ్రం చేయని పంపు ద్వారా అది పాలలో చేరినట్లు తేలింది. ఆ తరువాతనే అక్కడి వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రం (సీడీసీ) పంపుల శుభ్రతపై వివరమైన సూచనలు విడుదల చేసింది. రెండు నెలల లోపు శిశువులకు, నెలలు నిండని శిశువులకు వాడే గిన్నెలు, చెంచాలు, పంపు భాగాలను రోజుకు ఒకసారి అయినా నీళ్ళలో 5 నిమిషాలు మరిగించాలి. మరిగించవలసినది పాలను కాదు, పాత్రలను.

నిల్వ

సీడీసీ సూచన ప్రకారం తాజాగా పిండిన పాలు 25 డిగ్రీలు లేదా అంతకు తక్కువ గది ఉష్ణోగ్రతలో 4 గంటల వరకు, 4 డిగ్రీల ఫ్రిజ్ లో 4 రోజుల వరకు నిల్వ ఉంటాయి. సున్నాకు దిగువన 18 డిగ్రీలు లేదా అంతకంటే చల్లని డీప్ ఫ్రీజర్ లో 6 నెలల లోపు వాడడం ఉత్తమం, 12 నెలల వరకు ఆమోదయోగ్యం. మన దేశంలోని కొన్ని శిక్షణ పుస్తకాలలో గది ఉష్ణోగ్రత వద్ద 6 నుండి 8 గంటలు, ఫ్రిజ్ లో 24 గంటలు, డీప్ ఫ్రీజర్ లో 3 నెలలు అన్న లెక్క కనిపిస్తుంది. ఈ రెండింటిలో ప్రతిచోటా తక్కువ గడువును పాటించేవారికి చిక్కు ఉండదు.

ఇక్కడ గది ఉష్ణోగ్రత అన్న మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. 4 గంటల గడువు 25 డిగ్రీల గదికి వేసిన లెక్క. రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం రేకుల ఇంటి లోపలి వేడికి ఆ గడువు వర్తించదు. వేసవిలో పిండిన పాలను వెంటనే ఫ్రిజ్ లో పెట్టడం, ఆ సౌకర్యం లేనివారు పిండిన వెంటనే శిశువుకు పట్టడం మంచిది. కుండలో నీళ్ళ మీద గిన్నె తేల్చి ఉంచితే కొంత చల్లదనం వస్తుంది గాని దానిని ఫ్రిజ్ తో సమానంగా లెక్కించరాదు.

ఒక్కొక్క పాత్రలో 60 నుండి 120 మిల్లీలీటర్లకు మించకుండా పోసి, పైన తేదీ, సమయం రాయాలి. గడ్డకట్టినపుడు పాలు వ్యాకోచిస్తాయి కనుక పాత్రను నిండా నింపరాదు. ఫ్రిజ్ తలుపు అరలో కాక లోపలి భాగంలో ఉంచాలి, ఎందుకంటే తలుపు తీసినప్పుడల్లా అక్కడి చల్లదనం మారుతుంది. అప్పుడే పిండిన వెచ్చని పాలను ముందటి చల్లని పాలలో కలపరాదు. విడిగా చల్లబరచి కలుపుకోవచ్చును. అట్టి పాలకు పాతవాటి తేదీయే లెక్క. పట్టేటపుడు ముందు పిండినవి ముందు వాడాలి.

కరెంటు పోయినపుడు ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే సుమారు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది. నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనాన్ని కాపాడుతుంది. తీసి చూసినపుడు పాలలో ఇంకా మంచు పలుకులు ఉంటే తిరిగి గడ్డకట్టించవచ్చును. పూర్తిగా కరిగినవైతే మళ్ళీ గడ్డకట్టించరాదు.

గడ్డకట్టిన పాలను కరిగించడం

అన్నిటికంటే మంచి పద్ధతి ముందురోజు రాత్రే డీప్ ఫ్రీజర్ నుండి తీసి ఫ్రిజ్ లోకి మార్చడం. తొందరగా కావలసినపుడు మూసిన పాత్రను గోరువెచ్చని నీళ్ళలో ఉంచి గానీ, కుళాయి ధార కింద పట్టి గానీ కరిగించవచ్చును. ఫ్రిజ్ లో కరిగించిన పాలను 24 గంటలలోగా వాడాలి. ఈ 24 గంటలను డీప్ ఫ్రీజర్ నుండి తీసిన క్షణం నుండి కాక, పాలు పూర్తిగా కరిగిన సమయం నుండి లెక్కించాలి. కరిగిన పాలు గది వేడిమికి వచ్చిన తరువాత, లేదా వెచ్చబెట్టిన తరువాత, గడువు 2 గంటలు మాత్రమే.

వెచ్చబెట్టే విధానం

ముందుగా చేతులు కడుక్కోవాలి. ఫ్రిజ్ లోని పాత్ర నుండి ఒకసారికి సరిపడా పాలను మాత్రమే శుభ్రమైన చిన్న గిన్నెలోకి లేదా సీసాలోకి వంచుకొని, మిగిలినవాటిని వెంటనే ఫ్రిజ్ లో పెట్టాలి. ఈ చిన్న అలవాటు వలన పాలు వృథా కావు.

ఒక వెడల్పాటి గిన్నెలో చేయి పెట్టగలిగినంత వెచ్చని నీళ్ళు, అనగా 40 డిగ్రీలకు మించనివి, తీసుకొని దానిలో మూత బిగించిన పాలపాత్రను నిలబెట్టాలి. నీటి మట్టం పాత్ర మూత కంటే కిందనే ఉండాలి. పైకి వస్తే నీరు పాలలోకి చేరే అవకాశం ఉంది, ఆ నీరు తాగునీరు కాకపోవచ్చు కూడా. కొద్ది నిమిషాలలో పాలు వెచ్చబడతాయి. నీళ్ళు చల్లారిపోతే మార్చుకోవచ్చును. నీళ్ళ గిన్నెను పొయ్యి మీదనే ఉంచి అందులో పాలపాత్రను పెట్టడం, పాలనే నేరుగా పొయ్యిపై పెట్టడం రెండూ చేయరాదు. బజారులో దొరికే విద్యుత్ బాటిల్ వార్మర్లు కూడా ఇదే పని చేస్తాయి. వాటిలో పాలను గంటల కొద్దీ మరచిపోవడమే సాధారణంగా జరిగే పొరపాటు.

నిల్వ ఉన్న పాలలో కొవ్వు పైకి తేలి మీగడలా కనిపిస్తుంది. ఇది పాలు విరగడం కాదు. పాత్రను మెల్లగా గుండ్రంగా తిప్పితే కలిసిపోతుంది. గట్టిగా కుదిపితే పాలలోని మాంసకృత్తులు విరిగిపోతాయని ఒక ప్రచారం ఉంది గాని దానికి బలమైన ఆధారం లేదు. కుదిపితే నురుగు వచ్చి శిశువు గాలి మింగుతుంది కనుక మెల్లగా తిప్పడమే మేలు. పాత్ర గోడలకు అంటుకున్న కొవ్వును కూడా కలుపుకోవాలి, బరువు తక్కువగా ఉన్న శిశువుకు ఆ కొవ్వు విలువైనది.

పట్టే ముందు ఒక చుక్కను మణికట్టు లోపలి వైపు వేసుకొని చూడాలి. అది వెచ్చగా తెలియాలి గాని చురుక్కుమనరాదు. చేతివేళ్ళు వేడికి అలవాటుపడి ఉంటాయి కనుక వేలు ముంచి చూడడం సరియైన పరీక్ష కాదు, శుభ్రమూ కాదు.

మైక్రోవేవ్ ఎందుకు పనికిరాదు

మైక్రోవేవ్ ఓవెన్ పాలను సమానంగా వేడి చేయదు. గిన్నె వెలుపలి భాగం గోరువెచ్చగా ఉన్నా లోపల కొన్ని చోట్ల పాలు నోరు కాలేంత వేడెక్కి ఉంటాయి. పైపైన ముట్టుకొని చూసినవారికి ఆ వేడి తెలియదు. మణికట్టుపై వేసిన చుక్క చల్లటి భాగం నుండి వచ్చినదైతే ఆ పరీక్ష కూడా మోసపుచ్చుతుంది. శిశువు నోరు, గొంతు కాలే ప్రమాదం ఇక్కడే ఉన్నది.

రెండవ కారణం పాల గుణానికి సంబంధించినది. 1992లో పీడియాట్రిక్స్ పత్రికలో ప్రచురితమైన అధ్యయనంలో 72 నుండి 98 డిగ్రీల వరకు మైక్రోవేవ్ లో వేడి చేసిన తల్లిపాలలో పరీక్షించిన రక్షక పదార్థాలన్నీ బాగా తగ్గిపోయినట్లు కనుగొన్నారు. అత్యధిక వేడికి గురైన పాలలో ఇ.కోలై బాక్టీరియా మామూలు తల్లిపాలలో కంటే 18 రెట్లు ఎక్కువగా పెరిగింది. తక్కువ వేడి వద్ద కూడా లైసోజైమ్ తగ్గింది.

వాసన, రంగు

తల్లిపాల రంగు ఒకేలా ఉండదు. కాన్పు అయిన మొదటి రోజులలో వచ్చే ముర్రుపాలు పసుపుగా, చిక్కగా ఉంటాయి. వీటిని పిండి పారబోసే ఆచారం కొన్నిచోట్ల ఉంది, కాని ప్రతిరక్షకాలు అత్యధికంగా ఉండేది వీటిలోనే. తరువాతి పాలు నీలి ఛాయతో పలుచగా కనిపించవచ్చును. వాటిని చూసి పాలలో సత్తువ లేదని అనుకోవడం సరికాదు.

ఫ్రిజ్ లో ఉంచిన పాలు కొందరిలో సబ్బు వాసన వేస్తాయి. లైపేజ్ ఎంజైము కొవ్వును విడగొట్టడం వలన ఇలా జరుగుతుంది. ఇవి చెడిపోయినవి కావు, శిశువు తాగితే పట్టవచ్చును. ఈ వాసన రాకుండా నిల్వకు ముందే పాలను అంచులలో బుడగలు వచ్చేవరకు వేడి చేసే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉన్నా, రక్షక పదార్థాలు నశిస్తాయి కనుక అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ అనే వైద్యుల సంస్థ దానిని ప్రోత్సహించడం లేదు. పుల్లటి వాసన వేసి, తిప్పినా కలవకుండా గడ్డలుగా ఉండిపోయిన పాలను మాత్రం పారబోయాలి.

పట్టే విధానం

శిశువు మెలకువగా ఉండి, ఆకలితో ఉన్నపుడే పాలు పట్టాలి. నిద్రలో ఉన్న శిశువు నోట పాలు పోస్తే పొలమారి ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. వెల్లకిలా పడుకోబెట్టి కాక, ఒడిలో తల, మెడ ఆనేటట్లు సగం కూర్చున్న భంగిమలో పట్టుకోవాలి.

తెలుగువారి ఇళ్ళలో తరతరాలుగా ఉన్న ఉగ్గుగిన్నె ఈ పనికి చక్కగా సరిపోతుంది. ముక్కు ఉన్న ఈ చిన్న గిన్నెను తమిళులు పాలాడై అంటారు. భారతదేశపు నవజాత శిశు విభాగాలలో కూడా ఆ పేరుతోనే దీనిని వాడుతున్నారు. గిన్నె ముక్కును పెదవి మూలన ఆనించి కొద్దికొద్దిగా వంచాలి, శిశువు మింగిన తరువాతనే మరికొంత పోయాలి. మామూలు చిన్న గిన్నెతో పట్టేటపుడు అంచును కింది పెదవిపై ఆనించి పాలు పెదవిని తాకేటట్లు వంచితే చాలును, శిశువే నాలుకతో అందుకుంటుంది. రెండు పద్ధతులలోనూ పాలు నోటిలో కుమ్మరించడమే తప్పు.

పాలసీసా, రబ్బరు పీక శుభ్రం చేయడం కష్టం, వాటి పగుళ్ళలో క్రిములు దాగుతాయి. సీసాకు అలవాటుపడిన కొందరు శిశువులు రొమ్ము పట్టడానికి నిరాకరిస్తారు. పాలసీసాల ప్రకటనలను భారతదేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది, 2003లో ఆ చట్టాన్ని మరింత కఠినం చేశారు. వాడక తప్పనివారు సీసాను దాదాపు అడ్డంగా పట్టుకొని, మధ్య మధ్య ఆపుతూ పట్టాలి. శిశువు తల తిప్పుకుంటే, పెదవులు మూస్తే చాలునని అర్థం. గిన్నెలో ఉన్నవి అయిపోవాలని బలవంతంగా పట్టరాదు. పట్టిన తరువాత భుజాన వేసుకొని త్రేన్పు వచ్చేవరకు వీపు నిమరాలి.

పాలలో నీళ్ళు, చక్కెర, తేనె, ఉగ్గు మందులు కలపరాదు. ఏడాది లోపు శిశువుకు తేనె వలన బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చును.

మిగిలిన పాలు

శిశువు తాగగా మిగిలిన పాలలో దాని నోటి క్రిములు చేరి ఉంటాయి. తాగడం ముగించిన 2 గంటలలోగా అవే పాలను మళ్ళీ పట్టవచ్చును, ఆ తరువాత పారబోయాలి. వాటిని తిరిగి ఫ్రిజ్ లోని పాత్రలో కలపరాదు. ఒకసారి వెచ్చబెట్టినవాటిని మరల మరల వెచ్చబెట్టరాదు. ఎంతో కష్టపడి పిండిన పాలను పారబోయడం ఏ తల్లికైనా బాధ కలిగిస్తుంది. అందుకే ఒకసారికి 30 మిల్లీలీటర్ల చొప్పున వెచ్చబెట్టి, శిశువు ఇంకా అడిగితే మరికొన్ని తీయడం మేలు.

ప్రయాణాలలో

వెచ్చబెట్టిన పాలను ఫ్లాస్కులో పోసి తీసుకువెళ్ళడం మన ప్రాంతంలో తరచుగా కనిపిస్తుంది. కాఫీకి పనికివచ్చే ఈ ఉపాయం శిశువు పాలకు ప్రమాదకరం. ఫ్లాస్కు పాలను గంటల తరబడి సూక్ష్మజీవులు పెరిగే వేడిమిలోనే నిలిపి ఉంచుతుంది. దీనికి బదులు పాలను మంచు పలకలు ఉంచిన చల్లటి పెట్టెలో, వేడి నీళ్ళను ఫ్లాస్కులో వేర్వేరుగా తీసుకువెళ్ళి, అవసరమైనపుడు ఫ్లాస్కులోని వేడి నీళ్ళకు చన్నీళ్ళు కలిపి ఆ నీటిలో పాలపాత్రను ఉంచి వెచ్చబెట్టుకోవాలి. గడ్డకట్టిన మంచు పలకలతో బాగా మూసిన పెట్టెలో పాలు 24 గంటల వరకు నిల్వ ఉంటాయి. పని చేసేచోట పిండిన పాలను ఇంటికి చేర్చడానికి కూడా ఇదే పద్ధతి అనుకూలమైనది.

నెలలు నిండని శిశువులు, పాల బ్యాంకులు

నెలలు నిండని శిశువులు తమ శరీర వేడిని కాపాడుకోలేరు, వారి రోగనిరోధక శక్తి కూడా తక్కువ. అందుచేత వారికి చల్లని పాలు కాక, వెచ్చబెట్టిన పాలను పట్టడం మంచిది. నిల్వ గడువుల విషయంలో ఆసుపత్రి వైద్యులు, నర్సులు చెప్పిన లెక్కనే పాటించాలి. వారు చెప్పే గడువులు ఇంటి గడువుల కంటే తక్కువగా ఉండవచ్చును. ఇట్టి శిశువుల తల్లులు రాత్రితో సహా రోజుకు కనీసం 8 సార్లు పాలు పిండితేనే పాలు తగ్గకుండా ఉంటాయి.

పాలను వేడితో శుద్ధి చేసే సందర్భం ఒకటి ఉన్నది. ఒక తల్లి దానం చేసిన పాలను మరొకరి శిశువుకు ఇచ్చేటపుడు దాతకు రక్తపరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచుతారు. దీనిని హోల్డర్ పాశ్చరీకరణ అంటారు. దీని వలన కొన్ని రక్షక గుణాలు తగ్గినా, అపరిచితుల పాల ద్వారా సోకగల వ్యాధులను నివారించడానికి ఇది తప్పదు. ఆసియాలో మొదటి తల్లిపాల బ్యాంకును 1989లో ముంబైలోని సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ నెలకొల్పారు. హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రిలో కూడా ధాత్రి పేరుతో ఒక పాల బ్యాంకు ఏర్పడింది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇటువంటి కేంద్రాల ఏర్పాటుకు కేంద్ర ప్రభుత్వం 2017లో మార్గదర్శకాలను విడుదల చేసింది. పరీక్షలు లేకుండా ఇరుగుపొరుగు తల్లుల పాలను తెచ్చి పట్టడం, వాటిని ఇంట్లో కాచి సరిపెట్టుకోవడం ఈ పద్ధతికి ప్రత్యామ్నాయం కాదు. బ్యాంకు నుండి వచ్చిన పాలను వెచ్చబెట్టవలసినది కూడా గోరువెచ్చని నీళ్ళలోనే.